మూడో దెబ్బ

"అలా కాదమ్మా. ఆయన అలా వాయించేవాడు కాదు," అన్నాడు పుస్తకాయన.

చిట్టి చేతుల్లో స్టిక్స్ గాల్లోనే ఆగాయి. పదింటికి పాఠం మొదలైంది. పదకొండున్నర కాకముందే ఈ మాట అనడం ఆరోసారి. ఆమె స్టిక్స్ రెండూ స్నేర్ డ్రమ్ము మీద పక్కపక్కన పడుకోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మరెలా వాయించేవాడంటారు?"

"కాలితో వేసే ఆ మూడో దెబ్బ ఉంది చూశారూ, అది ఆలస్యంగా పడాలి. మీరూ ఆలస్యంగానే వేస్తున్నారు, కాదనను. కానీ మీ ఆలస్యంలో భావం లేదు. ఆయన ఆలస్యంలో దుఃఖం ఉంది. ఆ రికార్డు చేసిన ఏడే వాళ్లమ్మగారు పోయారు. నా పుస్తకంలో నూట పన్నెండో పేజీలో రాశాను."

పుస్తకాయన గోడవార కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఆ పుస్తకం ఉంది. లోకం మీద ముద్ర వేసిన పన్నెండుమంది రాక్ డ్రమ్మర్ల జీవితాలు. అట్ట మీద పన్నెండు మొహాలు, పన్నెండుమందీ మగవాళ్లే, అందరికీ జుట్టు కళ్లలో పడుతోంది. దాన్నిప్పుడు టీవీకోసం పన్నెండు భాగాలుగా తీస్తున్నారు. ఐదో భాగం పిడుగుది. పిడుగు పోయి పదకొండేళ్లయింది కాబట్టి, అతని వేషం కట్టే నటుడికి అతని చేతివాటం నేర్పడానికి ఒక డ్రమ్స్ టీచరు కావలసివచ్చింది. పిడుగుతోపాటు పాతికేళ్లు గిటారు వాయించినాయన్ని అడిగితే, మా మరదలు ఉంది, దాన్ని అడగండి అన్నాడట. ఆ మరదలే చిట్టి. యాభై ఏడేళ్లు నిండినా ఇంట్లో ఇంకా చిట్టే.

నటుడికి ముప్పై రెండేళ్లుంటాయి. సీరియళ్లలో ఎప్పుడూ హీరోకి తమ్ముడు. మొదటిసారి పెద్ద వేషం దొరికిందని గుండెలు అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పుతూ, "పోనీ నేనోసారి ప్రయత్నిస్తాను మేడమ్," అన్నాడు.

చిట్టి లేచి స్టూలు ఇచ్చింది. అతను కూర్చుని వాయించాడు. చేతులు బాగానే ఆడుతున్నాయి. కాలు మాత్రం గడియారంలా పడుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ పాటలో మూడోది అలా పడదు. గడప దాటబోతూ ఏదో గుర్తొచ్చి ఆగినట్టు, వెంట్రుకవాసి ఆగి పడుతుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా డ్రమ్స్ నేర్చుకునేవాళ్లందరూ మొదటి ఏడాదిలోనే ఆ దెబ్బ దగ్గర బోర్లాపడి లేస్తారు. దానికి పుస్తకాయన పెట్టిన పేరు 'సందేహపు అడుగు'.

"దుఃఖం తెచ్చుకోండి," అన్నాడు పుస్తకాయన నటుడితో. "మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదండీ. అందరూ కులాసాగానే ఉన్నారు."

"అదే చిక్కు."

చిట్టి వెనక్కి తిరిగి, గోడకి అతికించిన గుడ్ల అట్టల్లో ఊడిపోతున్నదాన్ని బొటనవేలితో గట్టిగా అదిమింది. సెల్లారు గది. పైన టైలరింగు దుకాణం. కిందికి చప్పుడు రావడం కంటే పైకి చప్పుడు పోకూడదని పదకొండేళ్లుగా ఆమె పోగుచేసి అంటించిన అట్టలు, పాత తివాచీ ముక్కలు. ఈ గదిలో నాలుగొందలమందికి పైగా నేర్చుకుని వెళ్లారు. అమ్మా, నీ చెయ్యి తప్పు అన్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. అందులోనూ ఏ దెబ్బని చూపించి తప్పంటున్నాడో ఆ దెబ్బ ఆమెది.

"రేపు పదింటికి," అంది. "ఇవాళ్టికి చాలు. నాకు తలనొప్పిగా ఉంది."

అబద్ధం కాదు.

*

సాయంత్రం చిట్టి తన వాటా నుంచి మెట్లు దిగి అక్కా వాళ్లింట్లోకి వెళ్లేసరికి బావ భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి గిటారుకి తీగలు మారుస్తున్నాడు. అక్క పక్క గదిలో మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. చిట్టి పైన ఒక్కత్తే ఉంటుంది. ఇరవయ్యేళ్లుగా రాత్రి భోజనం మాత్రం ఇక్కడే. ఆ భోజనాల్లో బావతో ఆమె మాట్లాడే మాటలు ఉప్పు ఇటివ్వు, గ్లాసు అటుపెట్టు దాటి పెద్దగా వెళ్లవు.

"పాఠం ఎలా సాగుతోంది చిట్టీ?" అన్నాడు బావ, తీగ కొసని మేకుకి చుడుతూ.

"నా ఆలస్యంలో భావం లేదట."

బావ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"నవ్వు బావా, నవ్వొచ్చే సంగతే. నేను వాయించిన దెబ్బని నేనే తప్పు వాయిస్తున్నానట. పిడుగు వాళ్లమ్మ పోయిన దుఃఖం నాకు పలకడం లేదట. ఆవిడ పోయింది రికార్డు అయిన నాలుగు నెలలకి. ఆ సంగతి కూడా ఆ పుస్తకంలో సరిగ్గా లేదు."

"రాసేవాళ్లు ఏదో రాస్తారు."

"ఎల్లుండి నిన్ను కూర్చోబెట్టి అడుగుతారుగా. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు. పిడుగు జ్వరమొచ్చి వరండాలో బల్ల మీద పడుకున్నాడు, మా మరదలు వాయించింది అని చెప్పు. రెండు వాక్యాలు. నీ నోరేం అరిగిపోదు."

పక్క గదిలో బట్టలు దులిపే చప్పుడు ఆగిపోయింది. బావ తీగని బిగిస్తూ ఒకసారి ఆ వైపు చూశాడు. మళ్లీ గిటారు మీదికి వంగాడు.

"ఇప్పుడెందుకు చిట్టీ. పోయినవాడి మీద..."

"పోయినవాడి మీద నాకేం కోపం లేదు. ఉన్నవాడి మీదే."

బావ కట్టరు తీసుకుని మిగిలిన తీగని టక్కుమని కత్తిరించాడు. ఆ ముక్క ఎగిరి చిట్టి కాళ్ల దగ్గర పడింది.  ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ మాట వచ్చిన ప్రతిసారీ అతను చేసేది అదే. వంగి ఏదో ఒక పని చూసుకుంటాడు. కాదనడు, అవుననడు. గోడకి చెప్పుకున్నా కనీసం ప్రతిధ్వని వస్తుంది.

"అన్నం తిన్నాక మాట్లాడుకోవచ్చుగా," అంది అక్క, గుమ్మంలోకి వచ్చి. చేతిలో బావ చొక్కా ఉంది. సగం మడతపెట్టి ఉంది.

"నాకాకలి లేదు," అని చిట్టి వచ్చిన మెట్లే ఎక్కింది. ఒక్కో మెట్టూ కిందివాళ్లకి వినపడేట్టు ఎక్కింది. పైకి వెళ్లాక ఆకలేసింది. దాంతో ఇంకా ఒళ్లు మండింది.

*

మర్నాడు పుస్తకాయన ఆలస్యంగా వస్తానని కబురు పెట్టాడు. ఆ మాటకి గదిలో గాలి కాస్త ఆడినట్టనిపించింది.

నటుడు మాత్రం ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మేడమ్, ఇంట్లో బకెట్టు బోర్లించి పొద్దుటిదాకా కాలాడించాను. లెక్క వస్తోంది. ఆలస్యం రావట్లేదు. వేషం పోతుందేమో."

"పోదులే. కూర్చో."

"ఒకటి వినిపిస్తాను. పిడుగుగారిది. స్టేజీ మీద వాయించింది, రికార్డు వచ్చిన నాలుగేళ్లకి. మీరు వినే ఉంటారనుకోండి."

చిట్టి వినలేదు. పిడుగు స్టేజీ మీద ఆ పాట వాయించినవి ఒక్కటి కూడా వినలేదు. అక్కా వాళ్లింట్లో టీవీలో వస్తే లేచి వెళ్లిపోయేది. అంగట్లో వినిపిస్తే కొనాల్సినవి కొనకుండా బయటికి వచ్చేసేది. ఆ సంగతి ఇతనికి చెప్పడం చిన్నతనంగా తోచి, "పెట్టు," అంది.

మొదటి చరణం నడుస్తున్నంతసేపు ఆమె పెదవి బిగించుకునే ఉంది. మూడో దెబ్బ సరిగ్గా ఆమె దెబ్బే, అచ్చు గుద్దినట్టుంది. దొంగ, అనుకుంది. రెండో చరణంలోకి వచ్చేసరికి పిడుగు ఏదో చేశాడు. ఆ ఆలస్యాన్ని కాలి నుంచి చేతికి మార్చాడు. చెయ్యి ఆగుతోంది, కాలు ఆగడం లేదు. తరవాత రెండూ ఆగాయి. జనం ఊపిరి బిగబట్టిన చప్పుడు కూడా వినిపించింది. అప్పుడు పడింది దెబ్బ.

చిట్టి తన ప్రమేయం లేకుండానే ముందుకు వంగింది.

"మళ్లీ పెట్టు," అంది. నాలుగుసార్లు పెట్టించింది.  అది తనకి తట్టేది కాదు. తట్టినా చెయ్యి తిరిగేది కాదు. అంత బాగుండడం ఆమెకి పరమ చిరాకు తెప్పించింది.

"లే," అంది చివరికి. పెట్టెలోంచి పానా తీసింది. స్టూలు మర వదులు చేసి, సీటుని జానెడు పైకి లాగి, మళ్లీ బిగించింది. "ఇప్పుడు కూర్చో."

అతను ఎక్కి కూర్చున్నాడు. "కాలు పెడలు మీద సరిగ్గా ఆనడం లేదు మేడమ్."

"ఆనకూడదు. మొదటి రెండు దెబ్బలూ వేళ్లతో వెయ్యి. మూడోదానికి బలం కావాలి. దానికోసం ఏం చేస్తావు?"

"ముందుకి జరగాలి."

"జరుగు. జరిగాక వెయ్యి. మళ్లీ వెనక్కి సర్దుకో. ఏ దుఃఖం గురించీ ఆలోచించకు. కింద పడకుండా చూసుకో చాలు."

మొదట్లో అతను నిజంగానే పడబోయాడు. పట్టుకుంది. ఆరేడుసార్లు తిరిగేసరికి నడుము లయ దొరికింది. జరగడం, వెయ్యడం, సర్దుకోవడం. మూడో దెబ్బ వెంట్రుకవాసి ఆగి పడింది. మళ్లీ పడింది. అతని మొహం పొద్దు పొడిచినట్టయింది. ఆపడానికి భయపడుతున్నట్టు వాయిస్తూనే ఉన్నాడు.

తలుపు దగ్గర పుస్తకాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఏమో. సంచీ భుజం మీంచి జారి మోచేతి దగ్గర వేలాడుతోంది.

"ఇదే," అన్నాడు. "ఇదే ఆ దుఃఖం. ఎలా రాబట్టారు?"

"దుఃఖం కాదండీ. స్టూలు."

"అంటే?"

అప్పుడు చెప్పింది చిట్టి. చెప్పాలని అనుకుని కాదు. వినీ వినీ ఓపిక నశించి నోట్లోంచి వచ్చేసింది. ఆ రోజు పిడుగుకి నూట మూడు జ్వరం. సాయంత్రానికి రికార్డింగు గది వేరేవాళ్లకి ఖాళీ చెయ్యాలి. అక్కతో కలిసి టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లిన చిట్టికి పంతొమ్మిదేళ్లు. రిహార్సల్సులో పిడుగు టీ తాగే పావుగంటలో అతని డ్రమ్స్ మీద కూర్చునేది కాబట్టి ఆ పాట ఆమెకి వచ్చు. కూర్చోబెట్టారు. స్టూలు ఆరడుగుల పిడుగు ఎత్తుకి బిగించి ఉంది. మర తుప్పుపట్టి దిగలేదు. ఆమె కాలు పెడలుకి సగమే అందింది. మూడో దెబ్బకి ప్రతిసారీ ముందుకి జారాల్సి వచ్చేది. సంగతి అంతే.

పుస్తకాయన శ్రద్ధగానే విన్నాడు. విని, డాక్టరు ముసలివాళ్లని చూసి నవ్వినట్టు నవ్వాడు.

"తప్పుగా అనుకోకండమ్మా. పాతికేళ్లుగా నేనీ పరిశోధనలో ఉన్నాను. ప్రతి గొప్ప డ్రమ్మరు వెనకా 'అది వాయించింది నేనే' అనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. నా పన్నెండుమందిలో తొమ్మిదిమందికి ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు. ఏళ్లు గడిచేకొద్దీ మనసు అలా నమ్మేసుకుంటుంది."

"మా బావని అడగండి."

అతను ఫోను తీసి అక్కడే అడిగాడు, అందరికీ వినిపించేట్టు పెట్టి. అవతల గిన్నెలేవో కదిలాయి. తరవాత బావ గొంతు వచ్చింది. "ముప్పై ఎనిమిదేళ్లయిందండీ. నాకు గుర్తులేదు."

పుస్తకాయన ఫోను జేబులో పెట్టుకుని, "పాఠం కానివ్వండి," అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికే ఆమెకి చేతిలో స్టిక్ విసరాలనిపించింది. విసరలేదు. డ్రమ్ము చుట్టూ ఉన్న ఎనిమిది మరల్నీ ఒక్కొక్కటే బిగించింది. అవన్నీ బిగిసే ఉన్నాయి.

పుస్తకాయన వెళ్లాక నటుడు కాళ్లు నేలకి ఆన్చి, పిక్కలు ఒత్తుకుంటూ అన్నాడు. "నేను నమ్ముతున్నాను మేడమ్. మీరు చెప్పారని కాదు. నా కాలు చెప్పింది."

*

మూడోరోజు అక్కా వాళ్ల హాలునిండా దీపాలు, తీగలు. సోఫా పక్కకి జరిగింది, గడియారం టిక్కుటిక్కు వినిపిస్తోందని గోడ దిగింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గిటారు పట్టుకుని, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. చిట్టిని ఎవరూ పిలవలేదు. గుర్తులేదన్న మాట మొహం మీద మొహం పెట్టి ఎలా అంటాడో చూద్దామని వచ్చి తలుపు పక్కన నిలబడింది.

పుస్తకాయన కెమెరా పక్కన కూర్చుని అడిగాడు. "ఆ రోజు రికార్డింగు గదిలో వాతావరణం ఎలా ఉండేది? ఆయన వాయిస్తుంటే మీకేమనిపించింది?"

బావ గిటారు అంచుని గుడ్డతో తుడిచాడు. "బాగా ఉక్కగా ఉండేదండీ."

"ఆయన ఆ మూడో దెబ్బ వేసినప్పుడు?"

"ఉక్కగానే ఉండేది."

అప్పుడే అక్క టీ కప్పుల పళ్లెంతో వంటింట్లోంచి వచ్చింది. కెమెరామన్ చెయ్యెత్తి, "అమ్మా, మీరు ఫ్రేములోకి వస్తున్నారు, కాస్త పక్కకి," అన్నాడు. అక్క పక్కకి జరగలేదు. పళ్లెం పట్టుకునే ఉంది. 

"ఆ రోజు వాయించింది మా చెల్లెలు," అంది.

 పుస్తకాయన తేరుకుని, "అమ్మా, మీరక్కడ ఉన్నారా?" అన్నాడు.

"ఫ్లాస్కు నేనే మోశాను. ఆ పిల్లవాడి నుదుటి మీద తడిగుడ్డ వేసింది నేనే. మా చెల్లెలు పద్నాలుగుసార్లు వాయించింది. పద్నాలుగోది ఉంచారు."

"మరి రికార్డు అట్ట మీద పేరెందుకు వెయ్యలేదు?"

"అది నా వల్ల..." అన్నాడు బావ గబగబా.

"మీరూరుకోండి," అంది అక్క. "వద్దన్నది ఆయన కాదు. నేను."

"ఎందుకని?" పుస్తకాయన గొంతులో ఆశ పుట్టింది.

"అది దానికి చెప్తాను. మీకు కాదు." పళ్లెం అతని చేతుల్లోనే పెట్టేసి, అక్క వంటింట్లోకి నడిచింది.

చిట్టి వెనకాలే వెళ్లింది.  అక్క పంపు తిప్పి కడిగిన గ్లాసునే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

"చెప్పు," అంది చిట్టి.

"అప్పటికి నాకు పెళ్లయి ఆర్నెల్లు," అంది అక్క, నీళ్ల వైపే చూస్తూ. "ఫ్లాస్కు పట్టుకుని రికార్డింగు గది అద్దం ఇవతల నిలబడ్డాను. మీరిద్దరూ లోపల. మీ బావ పాట పొడుగునా నీ కళ్లలోకే చూస్తున్నాడు. నువ్వూ ఆయన్నే చూస్తున్నావు. రెప్ప వెయ్యరు. నా వైపు ఆయన అలా ఎప్పుడూ చూడలేదు. ఇప్పటికీ చూడలేదులే."

"అక్కా, వాయించేటప్పుడు అలాగే చూస్తారు. దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియాలిగా."

"ఇప్పుడు తెలుసు నాకు. పిడుగునీ అలాగే చూసేవాడు, పాతికేళ్లు. ఆ సంగతి అర్థమయ్యేసరికి నాకు పదేళ్లు పట్టింది. అప్పటికే ఆ పాట ఊరూరా మోగుతోంది. ఆ రాత్రి మాత్రం ఏడ్చి యాగీ చేశాను. దాని పేరు వేశారంటే రేపటినుంచి మీ బృందంలోనే ఉంటుంది, నేను మా అమ్మగారింటికి పోతాను అన్నాను. ఆయన వెయ్యలేదు."

"మరి ఇన్నేళ్లు బావ..."

"చెప్తానన్నాడు, ఎన్నోసార్లు. నేను చెప్పనివ్వలేదు. నా మీద నీకు కోపం రావడం కంటే ఆయన మీద ఉండడం నయం అనుకున్నాను. నాకు చెల్లెలివి నువ్వొక్కదానివే." గ్లాసు బోర్లించింది. "నిన్న ఫోనులో గుర్తులేదన్నాడు చూడు, పక్కన నేనున్నాను. ఆ మాట అన్నాక అన్నం ముట్టలేదు."

చిట్టికి ఇన్నేళ్లుగా ఒక మనిషి మొహం మీదికి ఉప్పు ఇటివ్వు, గ్లాసు అటుపెట్టు అని విసిరిన మాటలన్నీ ఒక్కసారే తిరిగివచ్చి మీద పడ్డట్టయింది. ఏడుపు రాలేదు. పిచ్చి చిరాకు వచ్చింది, ఎవరి మీదో తెలియని చిరాకు.

"ఒక్క చూపుకా అక్కా," అంది.

అక్క పంపు కట్టేసింది.

*

హాల్లో పుస్తకాయన కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. నూట పన్నెండో పేజీ మూతబడిందని దిగులుపడతాడనుకుంది చిట్టి. ఆ ఛాయలే లేవు.

"అమ్మా, కూర్చోండి, ఇక్కడ కూర్చోండి. ఇది కథే మార్చేస్తుంది. ఇప్పుడర్థమైంది నాకు. ఆ ఆలస్యంలో ఉన్నది దుఃఖం కాదు, అణచివేత. తన చోటు తనకి ఇవ్వని లోకంలో అడుగు పెట్టాలా వద్దా అని ఒక ఆడపిల్ల..."

"స్టూలు ఎత్తుగా ఉందండీ," అంది చిట్టి. "నిన్ననే చెప్పాను."

"అది పైకి కనిపించే కారణం."

"లోపల కూడా అదే కారణం."

అతను ఒప్పుకోలేదుగానీ, కెమెరా ఆడించమని సైగ చేశాడు. ముందుకి వంగి, "సూటిగా అడుగుతాను. పిడుగు మోసగాడా? మీ దెబ్బ పెట్టుకుని బతికాడా?" అన్నాడు.

అవునని ఆ మాట అనడానికి ఆమె ఎన్నేళ్లు ఎదురుచూసిందో. గుడ్ల అట్టలు అంటిస్తూ, పెళ్లిళ్లలో, హోటళ్లలో, ఒక ఏడాది సర్కసులో వాయిస్తూ, అద్దం ముందు తల దువ్వుకుంటూ, ఎన్ని రకాలుగా ఆ జవాబు కూర్చుకుందో. ఇప్పుడు అడిగాడు. దీపాలు మొహం మీద పడుతున్నాయి. నోరు తెరిస్తే నిన్న విన్న ఆ రెండో చరణం చెవిలో మోగింది.

"కాదు," అంది. "రికార్డు వచ్చాక పిడుగు మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు. ఆ కాలు ఎలా వేశావో చూపించు అని అడగడానికి. మూడుసార్లూ నేను లేనని చెప్పించాను. మూడోసారి కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. చాలాసేపు నిలబడి వెళ్లాడు. నేను చూపించి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. చూపించలేదు కాబట్టి తనంతట తను నేర్చుకున్నాడు. నా కాలు అందక వచ్చిన ఆలస్యాన్ని, అంత పొడుగు కాలు పెట్టుకుని, లోపల్నించి రాబట్టాడు. ఎంతకాలం పట్టిందో అతనికే తెలియాలి. నాలుగేళ్లకి దాన్ని ఎక్కడికి తీసుకుపోయాడో నిన్న విన్నాను. అది నాకు రాదు. ఇప్పటికీ రాదు. ఆ ఒక్క రోజు నాది. దాని మీద నా పేరు వెయ్యండి. తరవాతి పాతికేళ్లు అతనివి. వాటి జోలికి పోకండి."

"ప్రేక్షకులకి ఇది కొంచెం..." అన్నాడు పుస్తకాయన.

"మీ నటుణ్ని మార్చకండి. బాగా నేర్చుకున్నాడు."

ఆమె లేచింది. బావ ఇంకా గిటారు పట్టుకునే కూర్చున్నాడు, తల వంచుకుని. దగ్గరికి వెళ్లింది. ఏదో అనాలనుకుంది, పెద్ద మాటేదో. అలాంటి మాటలు వాళ్లిద్దరి మధ్యా ఎప్పుడూ లేవు.

"నిన్న అన్నం తినలేదట," అంది.

"ఆకలి లేదు."

"ఇవాళ తిను బావా. నేనూ కిందికే వస్తాను."

అతను తలూపాడు. గుడ్డ కోసం చెయ్యి చాచి, అక్కర్లేదన్నట్టు మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

*

ఆ రాత్రి ముగ్గురూ కలిసే భోంచేశారు. చిట్టి బావతో పిడుగు గురించి మాట్లాడింది, అక్కతో మాత్రం ఒక్క ముక్కయినా మాట్లాడలేదు. అక్క వడ్డించింది, ఈమె తింది.

మర్నాడు సెల్లారులో చివరి పాఠం. స్టూలుని మామూలు ఎత్తుకి దించి, "ఇప్పుడు ఎత్తు లేకుండా వెయ్యి, పిడుగు చేసినట్టు," అంటే నటుడు మళ్లీ మొదటికొచ్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గడియారం.

"మళ్లీ," అంది చిట్టి. "మళ్లీ. ఆ కాలు నీదే కదా, నా మాట వినకపోతే నీ మాటయినా వినాలిగా. మళ్లీ."

మెట్ల మీద అలికిడైంది. నెమ్మదిగా, గోడ పట్టుకుని దిగుతున్న అడుగులు. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈ గది తెరిచి పదకొండేళ్లయింది. ఆమె ఇందులోకి రావడం ఇదే మొదలు. గుడ్ల అట్టల్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఇన్ని గుడ్లు ఎవరు తిన్నారే," అంది.

చిట్టి నవ్వలేదు. "ఎందుకొచ్చావు?"

"నువ్వు వాయిస్తే చూద్దామని. ఆ రోజు తరవాత నేను చూడలేదు."

"పాఠం నడుస్తోంది. అయ్యేదాకా మాట్లాడకూడదు."

"మాట్లాడను."

అక్క పుస్తకాయన కుర్చీలో కూర్చుంది, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని. పుట్టి బుద్ధెరిగాక గంటసేపు నోరు మూసుకుని కూర్చున్న మనిషి కాదు. కూర్చుంది. డ్రమ్ము మోగినప్పుడల్లా భుజాలు ఉలిక్కిపడ్డాయి. చెవులు మాత్రం మూసుకోలేదు. చిట్టి పావుగంటలో ముగించాల్సిన పాఠాన్ని కావాలనే గంటన్నర సాగదీసింది. చివర్లో నటుడికి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మూడో దెబ్బ దానంతటదే ఆగి పడింది. అది ఎలా పడిందో అతనికే తెలియలేదు. అతను వాళ్లిద్దరినీ చూసి, స్టిక్స్ స్నేర్ మీద పెట్టి, చెప్పకుండానే మెట్లెక్కి వెళ్లిపోయాడు.

చిట్టి స్టూలు మీద కూర్చుంది. తన ఎత్తు, తన పెడలు. స్టిక్స్ చేతిలోకి తీసుకుని బరువు చూసుకుంది. వాయించేటప్పుడు ఎవరో ఒకరి కళ్లు కావాలి. ఎదురుగా గిటారు లేదు. కుర్చీలో అక్క ఉంది.

నాలుగు లెక్కపెట్టి మొదలుపెట్టింది. కళ్లెత్తి సూటిగా అక్క కళ్లలోకే చూసింది. కోపం ఇంకా పోలేదు, అది చూపులోనే ఉంది. దాచలేదు. అక్క సంచీ ఒళ్లోంచి జారి కింద పడినా వంగి తీసుకోలేదు. పాట మొత్తం అయ్యేదాకా రెప్ప వాల్చకుండా, తల తిప్పుకోకుండా, అలాగే చూస్తూ కూర్చుంది.